బెల్లం, మిరియం, మా అమ్మ

ఎండలు ముదిరాయని నిన్న పొద్దున మా కొట్టు కిటికీకి గోనెసంచి కట్టి నీళ్ళు చల్లాను. తడిసిన గోనె వాసన గదంతా నిండింది. ఆ వాసనకు ఎవరికి ఏం గుర్తొస్తుందో గానీ, నాకు మాత్రం రాజేశ్వరమ్మ గుర్తొస్తుంది. నేలమీద చాప వేసుకుని, మూతి విరిగిన కుండ ముందు కూర్చుని, తాటాకు విసనకర్రతో లోపలికి గాలి విసురుతూ ఉండే మనిషి. కుండలో రెండు ఫెర్రెట్లు పడుకుని ఉండేవి. చెబితే నమ్మరని ఈ సంగతి నేను చాలామందికి చెప్పలేదు.

వరంగల్ చౌరస్తా దగ్గరి ఒక సందులో ఆమెకు కిరాణా దుకాణం ఉండేది. భర్త పోయాక ఇరవై ఏళ్ళు ఒంటిచేత్తో నడిపింది. నేను రఘునాథపల్లి నుంచి రోజూ బస్సులో వచ్చి అక్కడ పనిచేసేదాన్ని. చేరినప్పుడు నలుగురం. కరోనా వచ్చి పోయాక, మెయిన్‌రోడ్డు మీద ఏసీ సూపర్‌మార్కెట్ పెట్టాక, నేనొక్కదాన్నే మిగిలాను. నా పనితనం చూసే ఉంచుకుందని చాలాకాలం మురిసిపోయాను. నలుగురిలో నా జీతమే తక్కువని తర్వాత తెలిసింది.

ఆ రోజుల్లోనే హైదరాబాద్‌లో ఉండే ఆమె మేనల్లుడు ఒక పంజరం మోసుకొచ్చాడు. అందులో ముంగిసల్లా పొడుగ్గా, మెత్తటి బొచ్చుతో రెండు జంతువులు, ఫెర్రెట్లట. ఫోన్లో వీడియోలు చేద్దామని మోజుపడి కొన్నాడట, ఉద్యోగం పోయేసరికి మోజూ పోయింది. "ఒక్క వారం ఉంచుకో అత్తా" అని దించి వెళ్ళినవాడు మళ్ళీ ఆ ఊసెత్తలేదు. ఒకటి బెల్లం రంగు, ఒకటి నల్లటి మచ్చలది. కిరాణా మనిషి కదా, బెల్లం, మిరియం అని పేర్లు పెట్టేసింది. పేరు పెట్టాక ఇక ఎవరికి ఇచ్చేస్తుంది?

ఆమెది గుడ్డు కూడా గడప దాటని ఇల్లు. అందుకే తనకు తెలిసిన ప్రేమంతా వాటి ముందు పెట్టింది: పెరుగన్నం, పాలు, అరటిపండు. పది రోజుల్లో రెండూ ఎముకలు తేలాయి. పశువుల దవాఖానకు తీసుకుపోతే అక్కడి డాక్టరు వాటిని అటూ ఇటూ తిప్పి చూసి నిజాయితీగా ఒప్పుకున్నాడు. "నాకు బర్లు తెల్సు, మేకలు తెల్సు. వీటిని ఇదే చూసుడు. హైదరాబాద్‌ల మా దోస్తును అడుగుత, జర ఆగుండ్రి." ఫోన్లో మాట్లాడి వచ్చి అన్నాడు. "అమ్మా, ఇవి మాంసం తప్ప ఏం తినయి. పెరుగన్నం పెట్టుడంటే కడుపు మాడ్చుడే. పేగు చిన్నది, నాలుగు గంటలకోసారి తినాలె. ఎండ అసలే పడది."

దుకాణం మెట్టు ఎక్కుతూ ఆమె నా వైపు తిరిగింది. "పులిని తెచ్చుకొని పప్పన్నం పెడితే పుణ్యమొస్తదా, సరితా? నేను తినను, అది నా నియమం. దాని నియమం వేరే." మర్నాటి నుంచి చికెన్ సెంటర్‌కు పోయిరావడం నా పని అయింది. స్టీలు టిఫిన్‌లో తెచ్చేదాన్ని, అయినా సందులో తెలియకుండా ఉంటుందా? "రాజేశ్వరమ్మ ఇంట్ల కోడి ఉడుకుతాంది" అని పక్క దుకాణాలవాళ్ళు చెవులు కొరుక్కున్నారు. "ఉడకది, పచ్చిదే పెడుత" అని ఆమె గద్దె మీది నుంచే జవాబిచ్చింది.

దుకాణం చితికిపోతున్న రోజుల్లో ఆ రెండింటినీ ఆమె ఎలా సాకిందో దగ్గరుండి చూశాను. కోడి కార్జం, కందనకాయ, గుండెకాయలు తెప్పించేది. కండకంటే చవక, వాటికి బలమూ అదేనని డాక్టరు చెప్పాడు. కింద పరచడానికి టింబర్ డిపో నుంచి రంపపు పొట్టు ఊరికే వచ్చేది. మూతి విరిగిన కుండను కుమ్మరి ఇంటి నుంచి తెచ్చి, పక్కకు పడుకోబెట్టి, పైన తడిబట్ట చుట్టేది. ఖాళీ గోనెసంచులకు మాకు కొదవే లేదు, కిటికీకి అవే పరదాలు. ఉన్న ఒక్క కూలర్ గద్దె దగ్గర నుంచి వెనక గదిలోకి పోయింది. గిరాకీలు గొణిగితే, "మీరు అయిదు నిమిషాలుంటరు, అవి దినమంత ఉంటయి" అనేది. సుస్తీ చేస్తే సూదిమందుకు డబ్బు కావాలని దుకాణంలో సగం భాగాన్ని సెల్‌ఫోన్లు బాగుచేసే అతనికి కిరాయికిచ్చింది.

ఇదంతా చూసి నేను పొంగిపోయానని రాస్తే అబద్ధం. నాకు మండేది. మా ఇంట్లో కోడికూర నెలకోసారి, అదీ నీళ్ళ పులుసు. పత్తి ఏరబోయిన మా అమ్మ చేనులో కళ్ళు తిరిగి పడింది. రక్తం లేదు, కార్జం తినిపించమని ఊళ్ళో డాక్టరు చెప్పాడు. ఆ కార్జాన్నే రోజూ నా చేత్తో మోసుకొచ్చి పిల్లిపాటి జంతువుల ముందు పెడుతున్నాను. ఒకరోజు సగం తీసి నా సంచిలో దాచాను. నాలుగు రోజులకల్లా మొత్తం తీసుకోవడం మొదలైంది. దాని బదులు గిన్నెలో కోడితోలు ముక్కలు, అన్నం మెతుకులు కలిపి, మాంసం కడిగిన నీళ్ళు పోసి ఎర్రగా కనిపించేలా చేసేదాన్ని. రాజేశ్వరమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, మొహం పక్కకు తిప్పి గిన్నె జరిపేది. ఆమె చూడకపోవడం నాకు కలిసొచ్చింది.

రెండు వారాలకు, ఒక మధ్యాహ్నం బెల్లం లేవలేదు. నోట్లోంచి చొంగ కారుతోంది, వెనక కాళ్ళు చచ్చుబడ్డాయి. డాక్టరు ఫోన్లో చెబుతుంటే ఆమె వేలితో తేనె తీసి దాని చిగుళ్ళకు రాసింది. కోడిని చూస్తే కొంగు అడ్డం పెట్టుకునే మనిషి, ఆ చొంగలో వేలు పెట్టడానికి వెనకాడలేదు. తడి తువ్వాల్లో చుట్టి ఆటోలో దవాఖానకు పరుగెత్తాం. డాక్టరు తల గోక్కున్నాడు. "రోజూ కార్జం తింటుంటే ఇట్ల కావొద్దు. లోపల గడ్డ ఉన్నదేమో. హైదరాబాద్ తీస్కపోయి పరీక్షలు చేయించాలె, ఖర్చయితది." రాజేశ్వరమ్మ చెయ్యి మెడలోని గొలుసు మీదికి పోయింది. ఆ గొలుసు ఒక్కటే ఆమెకు మిగిలిన బంగారం.

అప్పుడు చెప్పాను. "గడ్డ లేదు సార్. అది కార్జం తింటలేదు. నేను ఇంటికి తీస్కపోతాన" అన్నాను. డాక్టరు నన్ను ఎగాదిగా చూసి, సూదిమందు వేసి, ఇంటికి పోయి సరైన తిండి పెట్టమన్నాడు. తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో బెల్లం ఆమె ఒళ్ళో కదిలింది. నా ఉద్యోగం పోయినట్టే అనుకుని బస్సు పాసు ఇంకా ఎన్నాళ్ళుందో లెక్కేసుకుంటున్నాను.

"దొంగతనం జేసినవని కోపం లేదు" అంది రాజేశ్వరమ్మ. మళ్ళీ తనే, "కాదు, దానికి గూడ కోపమే. కానీ ఎందుకు జేసినవ్?"

"అమ్మకు రక్తం లేదు, పెద్దమ్మా. కార్జం తినుమన్నరు."

"ఇది నోరులేనిది. ఆకలైతాందని చెప్పుకోలేక పడిపోయింది. నీకు నోరున్నది గద బిడ్డా, ఎందుకడగలే?"

"ఏమనుకుంటరో అని."

ఆమె తిట్టి ఉంటే బాగుండేది. దుకాణం వచ్చేదాకా బెల్లం మీది తడి తువ్వాలు సర్దుతూ కూర్చుంది. దిగేటప్పుడు, నాతో కాదు, తనతోనే అన్నట్టు అంది: "మూడేండ్లు నా దగ్గర పనిజేసిన పిల్ల అడగలేకపోయిందంటే, నన్ను అడిగేటట్టు నేను లేనన్నట్టు." ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది.

ఉద్యోగం పోలేదు. మర్నాడు చికెన్ సెంటర్‌కు రెండు టిఫిన్లు ఇచ్చి పంపింది. ఆ రోజు నుంచి నేను మెట్టు ఎక్కగానే ఒకే గుక్కలో అడిగేది: "బెల్లం తిన్నదా, మిరియం తిన్నదా, మీ అమ్మ తిన్నదా?" మొదట్లో జంతువుల వరసలో మా అమ్మను చేర్చడం నాకు చిన్నతనంగా అనిపించింది. మా అమ్మ మాత్రం విని నవ్వింది. ఒంట్లోకి కాస్త రంగొచ్చాక ఒకరోజు దుకాణానికొచ్చి, కుండ ముందు గొంతుకూర్చుని, "నీ బుక్క నేను తిన్ననట గద, ఏమనుకోకు" అని బెల్లానికి చెప్పుకుంది. రాజేశ్వరమ్మ ఇంకో పని కూడా చేసింది. కొంగు అడ్డం తీసేసి, గిన్నెలోకి వంగి చూసి మరీ పెట్టడం నేర్చుకుంది.

బెల్లం ఆ తర్వాత మరో రెండు ఎండాకాలాలు బతికింది, మిరియం మూడు. మిరియం చనిపోయిన ఏడాదే రాజేశ్వరమ్మ దుకాణం మూసేసింది, మరుసటేడు ఆమె పోయింది. కాటా, కొలపాత్రలు నాకిమ్మని చెప్పి పోయిందట. వాటితోనే రఘునాథపల్లిలో ఈ చిన్న కొట్టు పెట్టుకున్నాను.

నా దగ్గర స్వరూపక్క పనిచేస్తుంది. ఇద్దరు పిల్లలు, మొగుడు మేస్త్రీ పని. చేరి ఎనిమిది నెలలైంది. వచ్చిన ప్రతి పొద్దునా, "తిన్నవా అక్కా, పిల్లలు తిన్నరా?" అని అడుగుతాను. "ఆ, తిన్నం" అంటుంది, చీపురు అందుకుంటుంది. అడిగి అడిగి అది దండం పెట్టినట్టు ఉత్త అలవాటైపోయిందేమో, ఇందులో ఏమీ లేదేమో అని నాకు అనుమానం పట్టుకుంది. రాజేశ్వరమ్మకు ఈ విద్య ఎలా వచ్చిందో గానీ నాకు రాలేదనుకున్నాను.

నిన్న గోనెసంచి మీద నీళ్ళు చల్లుతూ, వెనక్కి తిరగకుండానే అదే అడిగాను. జవాబు రాలేదు. తిరిగి చూశాను. స్వరూపక్క చీపురు పట్టుకుని నిలబడి ఉంది.

"లేదు సరితా" అంది. "రాత్రి పొయ్యి ముట్టియ్యలే. ఆయినకు వారం సంది పనిలేదు."

నేను మగ్గు కింద పెట్టి, బియ్యం సంచి మూతి విప్పాను.