నాలుక పట్టుకునే రాయి

వచ్చే గురువారం పొద్దున్న మా ఊళ్ళో ఒక రాయిని సిమెంటులో కూర్చోబెడుతున్నారు. ఆలోపు మా మామ్మకి ఒక సంగతి చెప్పాలా వద్దా అన్నది నాకు తేలడం లేదు... అందుకే ఇవాళ రాస్తున్నాను.

మా చిన్నప్పుడు ఆ రాయి వంటింటి గూట్లో ఉండేది. మాది కొత్తపేట అవతల గోదావరి లంక. ఎంత లోతు తవ్వినా ఇసుక, ఒండ్రుమట్టే. రుబ్బురోలు కూడా పడవ మీద రావలసిందే. అలాంటి చోట, ఒకసారి వరద తీశాక, అరటితోటలో మా తాతయ్యకి కొబ్బరికాయంత రాయి దొరికింది. ఉప్పురాయేమోనని నాలుక ఆనించి చూశారట. నాలుక పట్టేసుకుంది!

సరిగ్గా అంతకుముందే ఆయన "కల్లు ముట్టలేదే" అని మామ్మ మీద ఒట్టేసి ఉన్నారు. ఇంకేముంది... మామ్మకి అర్థమైపోయింది. "అబద్ధమాడినోళ్ళ నాలిక పట్టుకునే తల్లి మనింటికి నడిచొచ్చింది" అంది. పైవైపు పసుపు రాసి బొట్టు పెట్టింది. అడుగువైపు మాత్రం ఖాళీగా వదిలేసింది... నాలుకల కోసం.

పిల్లలం ఏ అల్లరి చేసినా మామ్మ గూటి వైపు చూసేది. "దింపమంటారేటర్రా?" అనేది. అంతే, బెల్లం ఎవరు తిన్నారో, చల్లకుండ ఎవరు పగలగొట్టారో గబగబా ఒప్పేసుకునేవాళ్ళం. నాలుక పెట్టేదాకా ఎవరికీ రాలేదు... నాకు తప్ప.

అప్పుడు నేను ఏడో తరగతి. మా ఇంట్లో బడికి వెళ్ళిన మొదటిదాన్ని నేనే. రోజూ పడవ దాటి వెళ్ళాలి. ఊళ్ళో ఒకాయన మా నాన్నతో "మీ అమ్మాయి బడెగ్గొట్టి రేవులో కూర్చుందండీ, నేను చూసేను" అని చెప్పారు. అది నేను కాదు. ఆ రోజంతా బడిలోనే ఉన్నాను.

నాన్న నమ్మలేదు. "అమ్మా, ఆ రాయి దింపు. పట్టుకుందంటే రేపట్నించి దీనికి బడి లేదు, తోటలో పనికొస్తాది" అన్నారు.

మామ్మ రాయి తిరగేసి పట్టుకుంది. "చెప్పవే, ఎక్కడికెళ్ళేవు?"

"బడికే ఎళ్ళేను మామ్మా."

నాలుక ఆనించాను... పట్టుకుంది. గట్టిగా కాదు, తీస్తుంటే సన్నగా లాగింది. మామ్మ కళ్ళు నా నాలుక మీదే ఉన్నాయి. చూసింది. నాకు తెలుసు, చూసింది.

"అంటుకోలేదురా" అంది నాన్నతో. "పొద్దున్నే పిల్లని పడవెక్కించు."

రాయిని గూట్లో పెట్టేసి, దాని ఎదురుగా గట్టిగా చెంపలు వేసుకుంది.

ఆ తరవాత ఎన్నో ఏళ్ళు నాకు అదే అనుమానం... నేను నిజమే చెప్పానా? ఏదో ఒక పీరియడ్‌లో బయటికి వచ్చి మర్చిపోయానా?

చదువు ఆగలేదు. డిగ్రీ అయింది, హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చింది. కిందటి ఆదివారం ఇక్కడ ఖనిజాలు, రత్నాల వ్యాపార ప్రదర్శన జరుగుతుంటే చూడటానికి వెళ్ళాను. కెంపులు, పచ్చలు, స్ఫటికాలు... వాటి మధ్య గాజుపెట్టెల్లో డైనోసార్ ఎముకలు! నా ఎత్తున్న తొడ ఎముక ఒకటి. దాని పక్కన బల్ల మీద ఒక విరిగిన ముక్క. పసుపు లేని మా అమ్మవారే! అదే గోధుమరంగు, అవే తేనెపట్టు లాంటి సన్నటి రంధ్రాలు.

"ఇది రాయా, ఎముకా అండీ?" అని అడిగాను.

"రాయిగా మారిన ఎముక మేడమ్. నాలుక ఆనించి చూడండి. ఈ రంధ్రాలు తడిని లాగేస్తాయి, అంటుకుంటుంది" అన్నాడు దుకాణం అతను.

"ఎవరికైనా అంటుకుంటుందా?"

"ఎవరికైనా."

"నిజం చెప్పేవాళ్ళకి కూడానా?"

అతను నన్ను ఎగాదిగా చూశాడు. అంతమందిలో నిలబడి నాలుక పెట్టాను... పట్టుకుంది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "దుమ్ముందా మేడమ్?" అంటూ అతను కంగారుగా మంచినీళ్ళ సీసా అందించాడు. మా ఇంటి రాయి సంగతి చెప్పాను. గోదావరి ఎగువన ఇలాంటి ఎముకలు దొరికిన మాట నిజమేనట. కానీ కొన్ని మట్టిరాళ్ళు కూడా ఇలాగే అంటుకుంటాయట. చూడకుండా చెప్పలేనన్నాడు.

సాయంత్రం మామ్మకి ఫోన్ చేశాను. నేను నోరు తెరవకముందే "గురువారానికి వచ్చెయ్యవే, అమ్మవారికి చిన్న గుడి కట్టిస్తన్నాను" అంది.

"ఇప్పుడెందుకు మామ్మా?"

"మొక్కుందే. నీ బడి గొడవప్పుడు ఆవిడెదురుగానే అబద్ధమాడేను. నీ చదువు గట్టెక్కితే గుడి కట్టిస్తానన్నాను. నువ్వు చిన్నపిల్లవి, భయపడి ఏదో అనేసేవు... పోన్లే, అది కూడా నా ఖాతాలోనే వేసుకోమన్నాను."

ఇన్నేళ్ళూ... నేను అబద్ధమాడానని నమ్ముతూనే నన్ను పడవెక్కించింది మా మామ్మ.

ఇప్పుడు ఏం చెప్పను? ఎముక అంటే మైల అనుకునే మనిషి. దాన్ని వంటింట్లో పెట్టుకుని దణ్ణం పెట్టిందని తెలిస్తే ఏమైపోతుంది? చెప్పకపోతే, అమ్మవారికి ద్రోహం చేశాననే బెంగతోనే ఉండిపోతుంది. నాకూ ఏమీ తెలియడం లేదు. అది ఎముకే అయితే ఆ రోజు నన్ను బడికి పంపింది ఎవరు? అమ్మవారే అయితే నిజం చెప్పిన నా నాలుక ఎందుకు పట్టుకుంది?

ఇప్పుడు మా లంకకి రోడ్డు పడింది, కంకర లారీల్లో వస్తోంది. రాయిని చూసి ఆశ్చర్యపోయేవాళ్ళు లేరు. గూటి వైపు చూస్తే చాలు నిజం చెప్పేసే పిల్లలూ లేరు...

రాళ్ళ గురించి చదువుకున్నవాళ్ళు, మామ్మల దగ్గర పెరిగినవాళ్ళు, మీ ఇంట్లో ఇలాంటి రాయి ఉన్నవాళ్ళు... దయచేసి చెప్పండి, నేను మామ్మకి ఏం చెప్పాలి? బుధవారం, పదిహేడో తేదీ లోపు రాయండి. గురువారం పొద్దున్నే ఆ అడుగువైపు సిమెంటులోకి వెళ్ళిపోతుంది. ఆ తరవాత అది ఇంక ఎవరి నాలుకనీ పట్టుకోదు.