సీసం పట్టిన చెయ్యి

ఫౌజులో నాకిచ్చిన బూట్లు పదో నంబరు. నా కాలు ఎనిమిది. మార్చమని పెట్టిన అర్జీ ఇంకా విచారణలోనే ఉంది. ఆ బూట్లతోనే నవంబరులో, మధ్యాహ్నం రెండింటికి, పన్నెండు వేల అడుగుల ఎత్తున్న పోస్టుకు చేరిన. నేను నర్సింగ్ అసిస్టెంటును. అంతకుముందు మా ఊరు గట్టు నుంచి రోజూ బస్సెక్కి పోయి బీఎస్సీ కెమిస్ట్రీ చదివిన. పోస్టులో చలి మైనస్ పద్నాలుగు. గట్టులో ఆ ఇబ్బంది లేదు.

బంకర్లో నా పక్క మంచం రేడియో ఆపరేటర్‌ది. గద్వాల దగ్గర కృష్ణ ఒడ్డున చేపలు పట్టే ఇంటోడు. జనవరిలో కడుపునొప్పి అన్నడు, మలబద్ధకం అన్నడు. ఎత్తు మీద అందరికీ అంతేనని ఇసబ్‌గోల్ ఇచ్చిన. నా వైద్యం అంత లోతైంది.

పది రోజులకు, పొద్దున ఆరింటి కాల్‌కు హ్యాండ్‌సెట్ ఎత్తబోతే వాడి మణికట్టు వాలిపోయింది.

"అన్నా, చెయ్యి లేస్తలేదే. ఇగ వల ఎట్ల ఇసరాలె?"

చిగుళ్ల అంచున నీలం గీత, ఒంట్లోకి సీసం ఎక్కిన గుర్తు. మంచం కింద టిన్ను తెరిచి చూసిన. నిండా సీసపు గుండ్లు. ఇంటి వలకు కట్టడానికట. బేస్ క్యాంపు ఫైరింగ్ రేంజిలో కాల్చిన బుల్లెట్లు ఏరుకొచ్చి, నేను డ్యూటీలో ఉన్నప్పుడల్లా బంకరు వెచ్చబెట్టే బుఖారీ పొయ్యి మీద కరిగించి పోసిండు.

"తలుపెందుకు మూసినవ్‌రా?"

"సలి గదన్నా."

రేడియో నేనే అందుకొని కింద ఫీల్డ్ హాస్పిటల్ డాక్టర్‌కు సంగతి చెప్పిన.

"ఆ పొగ పీల్చాడా?" డాక్టర్ అడిగిండు.

"రెండు నెలలు, సర్. ఓవర్."

"వెంటనే దించు. ఓవర్."

స్ట్రెచర్ మీద ఐదు గంటలు దించినం. ఫీల్డ్ హాస్పిటల్లో డ్రిప్పు పెట్టిండ్రు: కాల్షియం ఈడీటీఏ. పాత చుట్టం కనబడ్డట్టయింది. కాలేజీ ల్యాబులో మా బోరునీళ్ల కాఠిన్యం కొలిచింది ఈడీటీఏతోనే. చుక్కచుక్క పోస్తే ఎర్రనీళ్లు నీలమయ్యేవి. అప్పుడది నాకు పది మార్కులు.

"కీలేటింగ్ ఏజెంట్ అంటరు దీన్ని," వాడికి చెప్పిన. "ఎండ్రకాయ కొండి లెక్క లోహాన్ని పట్టుకొని ఉచ్చతోని బయటికి గుంజుకపోతది. ఉత్తగ పంపితే ఒంట్లున్న కాల్షియాన్ని పట్టుకొని గుండె ఆపుతది. అందుకే ముందే కాల్షియం చేతికిచ్చి పంపుతరు. సీసం కనబడంగనే దాన్ని ఇడిచి దీన్ని పడతది."

"మస్తు తెలివైన ఎండ్రకాయనే."

చెప్పినోణ్ణే పట్టుకొచ్చిన గస్తీని నా సర్వీసులో ఇంకోటి చూడలేదు.

ఐదు రోజులు డ్రిప్పు, నడుమ విరామం, మళ్లీ ఐదు రోజులు. చెయ్యి వస్తదని మాత్రం ఎవరూ మాటివ్వలేదు.

జూన్‌లో టూరు ముగిసి ఇద్దరం కలిసే ఊరికొచ్చినం. మోకాలిలోతు కృష్ణలో నిలబడి వాడు వల విసిరిండు. మణికట్టు తిరిగింది. వల గాలిలో గుండ్రంగా విచ్చుకుంది. కళ్లు మూస్తే నాకు ఇప్పటికీ అదే.

ఒడ్డున వల కుడుతున్న వాళ్లక్క, నేను చెప్పిందంతా విని, తల ఎత్తకుండనే అన్నది: "సీసం గుండ్లు గద్వాల బజార్ల దొరుకుతయి గదనే, అన్నా."