తాతయ్య సైకిలుకి వెనక దీపం

నా చిన్నప్పుడు ఖరగ్‌పూర్‌లో రోజూ రెండుసార్లు చీకటి పడేది. ఒకటి పొద్దు గూకినప్పుడు, రెండోది కరెంటు పోయినప్పుడు. లోడ్ షెడ్డింగ్ అనే మాట మాకు అన్నం, మంచినీళ్ళు అన్నంత మామూలు మాట. ఠక్కున వీధి వీధంతా నల్లబడిపోయేది. అదేదో మిగతావాళ్ళకి తెలియనట్టు ఎవరో ఒకరు "పోయీసింది!" అని అరిచేవారు. నిమ్‌పురాలో మా రైల్వే క్వార్టర్ల ముందు నులక మంచాలు వాలేవి. అప్పుడిక కంటికి ఆనేవి దూరంగా ఉన్న యార్డు దీపాలే. మాకు పోయినా యార్డుకి మాత్రం కరెంటు పోయేది కాదు. మంచం మీద వెల్లకిలా పడుకుని చుక్కల్ని చూసే పిల్లలుంటారు గానీ, నేను బోర్లా పడుకుని ఆ దీపాలనే చూసేవాణ్ణి.

మా తాతయ్య, అంటే మా అమ్మ వాళ్ళ నాన్న, అమ్మమ్మ పోయాక మాతోనే ఉండేవాడు. వయసులో ఉన్నప్పుడు ఆయన బొగ్గింజను డ్రైవరు. తర్వాత నడుం నొప్పి పట్టుకుని బండి దిగిపోయాడనీ, ఇంజన్లు బాగుచేసే షెడ్డుకి మారి అక్కడే రిటైరయ్యాడనీ ఇంట్లో చెప్పుకునేవారు. షెడ్డు సంగతి నాకెందుకు? డ్రైవరు అన్న మాట ఒక్కటి చాలు. మా నాన్న వర్క్‌షాపులో ఫిట్టరు. డ్రైవరు కావాలని ఉండి కాలేకపోయాడు కాబట్టి ఆ కోరిక తెచ్చి నా నెత్తిన పెట్టాడు. ఆయన పెట్టకపోయినా నేనే ఎత్తుకునేవాణ్ణి. పెద్దయ్యాక ఏమవుతావురా అని ఎవరైనా అడిగితే, ప్రశ్న పూర్తికాకముందే ఇంజను కూత పెట్టేవాణ్ణి.

తాతయ్య రోజూ సాయంత్రం సైకిలేసుకుని ఊళ్ళోనే ఉన్న మలంచా పేటకి వెళ్ళేవాడు. ఒకప్పుడు ఆయన ఇంజన్లో బొగ్గేసిన ఫైర్‌మన్ అక్కడుండేవాడు, బెంగాలీ ఆయన. ఇద్దరూ ఒకరినొకరు దాదా, అంటే అన్నా, అని పిలుచుకుంటూ, టీ తాగుతూ, పెద్దగా ఏమీ మాట్లాడుకోకుండానే గంటలు గడిపేసేవారు. ఒకరోజు ఆయన తిరిగొస్తుంటే రోడ్డు మీద కరెంటు పోయింది. వెనక నుంచి లారీ ఒకటి రాసుకుంటూ పోయింది. తాతయ్య మోచేతులు చెక్కుకుపోయి, పంచె నిండా బురదతో ఇంటికొచ్చాడు. అమ్మ ఏడ్చి, తిట్టి, పసుపు రాసి, "ఇంక సీకటి పడ్డాక సైకిలెక్కినావంటే నా మీద ఒట్టే" అంది. తాతయ్య మలంచా వెళ్ళడం మానేశాడు. కానీ సాయంత్రం కాగానే లేచి వెళ్ళి సైకిలు సీటు తుడిచేవాడు. తుడిచి, మళ్ళీ వచ్చి మంచం మీద కూర్చునేవాడు. రోజూ అదే చూసేవాణ్ణి. సైకిలుకి దీపాలుంటే అమ్మ వద్దనదు కదా అనిపించింది.

కొన్న దీపాలు మా ఇంటికి వచ్చేవి కావు కాబట్టి నేనే చెయ్యడానికి పూనుకున్నాను. పాడైపోయిన టార్చిలైటు తల ఒకటి దొరికింది. దాన్ని పాలపొడి డబ్బాలో బిగించి, లోపల సిగరెట్టు పెట్టెల్లోని వెండి కాగితం అతికించాను. అది ముందు దీపం. వెనక దానికి బూటు పాలిష్ డబ్బా. టార్చి బ్యాటరీలు వరసగా పేర్చి, పాత ట్యూబు ముక్కతో గట్టిగా చుట్టి, సీటు కింద కట్టాను. స్విచ్చికి రేకు ముక్క వంచాను. కిందికి నొక్కితే రెండు దీపాలూ వెలగాలి, పైకెత్తితే ఆరాలి. నా మాట ఏదీ వినేది కాదు అది. వేలు కోసుకున్నాను, అమ్మ కత్తెర మొద్దుబారింది, నాన్న వైరు ముక్కలు మాయమయ్యాయి. ఇక వెనక దీపానికి ఎరుపు కావాలి. దుర్గాపూజ పందిరి విప్పుతుంటే అక్కడ లైట్లు కట్టే కుర్రాడి దగ్గర నిలబడి బతిమాలితే, రంగు జిలెటిన్ కాగితం ముక్కలు గుప్పెడు ఇచ్చాడు. వాటిలోంచి ఎర్రది ఏరి, గుండ్రంగా కత్తిరించి, డబ్బాకి అంటించాను.

ఆ సాయంత్రం కరెంటు పోయేదాకా ఎవరికీ చూపించకుండా ఎలా ఆగానో ఆ దేవుడికే తెలియాలి. పోగానే సైకిలు వీధిలోకి నడిపించుకొచ్చి రేకు నొక్కాను. అబ్బ! ఆ వెలుతురు వెళ్ళి ఎదురింటి గోడ మీద పళ్ళెమంత గుండ్రంగా పడింది. నేను చేసిన వెలుతురు! నా చేతుల్లోంచి వచ్చిన వెలుతురు! ఇన్నేళ్ళలో చాలా చూశాను గానీ, ఆ గోడ మీద పళ్ళెం లాంటిది మళ్ళీ చూడలేదు. మంచాల మీదివాళ్ళంతా "ఓలమ్మా!" అంటూ లేచి వచ్చారు. తాతయ్య డబ్బా మీద చెయ్యేసి, వేడి తగిలి తీసేసి, మళ్ళీ వేశాడు.

అంతలో సైకిలు వెనక్కి వెళ్ళిన పక్కింటి అక్క పకపకా నవ్వింది. వాళ్ళు చర్చికి వెళ్ళేవాళ్ళు, అక్క నర్సు ట్రైనింగ్ చేస్తుండేది. రైల్వే ఇంటి పిల్లే.

"యెనకాల పచ్చ దీపమెట్టినావేటిరా? లైన్ కిలీరు, రా బాబూ, వొచ్చి గుద్దీ అని లారీని పిలుస్తన్నట్టున్నాది!"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, అక్క నన్ను ఆట పట్టిస్తోందనుకుని. "ఎర్రదే కదక్కా" అన్నాను.

నవ్వులు ఆగిపోయాయి. మామూలు ఇళ్ళలో అయితే ఇంకో నాలుగు జోకులు పేలేవేమో. మా వీధిలో అందరికీ తెలుసు, రైల్వేలో కంటి పరీక్ష అంటే ఏమిటో. రంగురంగుల చుక్కల మధ్య అంకె దాచిన పుస్తకం ఒకటి ముందు పెడతారు. అంకె కనపడనివాడు ఇంజను మెట్టు కూడా ఎక్కలేడు. నాన్న మంచం మీంచి లేచి, జిలెటిన్ ముక్కలు రెండు తీసుకుని ముందు దీపానికి అడ్డం పెట్టాడు. ఎర్రదేది అని అడిగాడు. నేను చెప్పాను. మళ్ళీ మార్చి అడిగాడు. మళ్ళీ చెప్పాను. ఆయన మొహం చూసి మాట మార్చి చెప్పాను. నాకు ఆ రెండూ ఒకలాగే ఉన్నాయి, ఒకటి కాస్త మసకగా, ఇంకోటి కాస్త తేటగా. అప్పటిదాకా రంగులు నాకు తెలుసనే అనుకున్నాను. ఆకు పచ్చ, నెత్తురు ఎరుపు, అందరూ అంటారు కాబట్టి నేనూ అన్నాను. వస్తువుతోపాటే దాని రంగు పేరు కూడా నేర్చేసుకుంటే, కనపడటం లేదని ఎవరికి తెలుస్తుంది? నాకే తెలియలేదు.

లోపలికి వెళ్ళాక నాన్న అమ్మతో మెల్లగా అంటున్నాడు. "ఇంకా బోల్డంత టైమున్నాది. ఆ సుక్కల పుస్తకం ఎక్కడో అక్కడ సంపాయిస్తాను. ఏ పేజీలో ఏ అంకో గుంటడి సేత బట్టీ పట్టిచ్చీదాం. ఎంతమంది ఎక్కలేదు అలాగ?" అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తాతయ్య గుమ్మం దగ్గరే కూర్చుని అంతా వింటున్నాడు. నాకు భయం వేసింది, అంతలోనే ఆశా కలిగింది. బట్టీ పట్టడంలో నన్ను మించినవాడు మా క్లాసులో లేడు.

మర్నాడు అక్క వచ్చి ఆ పచ్చ కాగితం పీకి, ఎర్రది తనే అంటించింది. "నవ్వినానని ఏటీ అనుకోకురా" అని నా తల నిమిరింది. సాయంత్రం తాతయ్య నన్ను సైకిలు వెనక కూర్చోబెట్టుకుని బయల్దేరాడు. దీపాలున్నాయి కాబట్టి అమ్మ ఆపలేదు. మలంచా వైపు వెళ్తాడనుకుంటే, యార్డు మీదున్న నడక వంతెన దగ్గర ఆపాడు.

మెట్లెక్కి పైన నిలబడ్డాం. అప్పుడే చీకటి పడుతోంది. కింద పట్టాలు, పట్టాల పక్కన పట్టాలు, ఎన్నని చూస్తాం! వాటి మధ్య దీపాలు ఒక్కొక్కటే వెలుగుతున్నాయి. ఎత్తులో కొన్ని, నేల మీద కొన్ని, మనిషి చేతిలో ఊగుతూ నడిచి వెళ్ళేవి కొన్ని. ఎక్కడో బోగీలు ఒకదానికొకటి గుద్దుకున్న చప్పుడు పుట్టి, యార్డు ఈ చివర నుంచి ఆ చివరకి పాకింది. మంచం మీంచి దూరంగా చూసిన దీపాలు ఇవేనా అనిపించింది.

"ఏటి అవుపడతంది?" అని అడిగాడు తాతయ్య.

"దీపాలు."

"ఏ రంగు?"

తప్పు చెప్తే ఏమవుతుందో అనుకున్నాను. చివరికి తెలియదన్నాను. ఆ మాట అనగానే ఏడుపొచ్చేసింది.

"నాకూ అంతేరా" అన్నాడు.

ఓదార్చడానికి అంటున్నాడనుకున్నాను. పెద్దవాళ్ళు అలాగే అంటారు కదా. కానీ ఆయన నా వైపు చూడటం లేదు, దీపాల వైపే చూస్తున్నాడు. ఆ చూపుతోనే చెప్పడం మొదలుపెట్టాడు. ఆయన ఉద్యోగంలో చేరినప్పుడు లాంతరు పరీక్ష ఉండేదట. చీకటి గదిలో లాంతరు రంగులు మారుస్తుంటే పేర్లు చెప్పాలి. ముందు వెళ్ళినవాడు చెప్పిన వరస తలుపవతల నిలబడి విని, తనూ అదే అప్పజెప్పేశాడట. రాత్రిళ్ళు దీపం కాస్త మసకగా ఉందా, తేటగా ఉందా అన్నదాన్ని బట్టి పోల్చుకునేవాడట. ఇంజన్లో ఒక రివాజు ఉంది. ఎదురుగా సిగ్నల్ కనపడగానే డ్రైవరు దాని రంగు పైకి చెప్పాలి, పక్కనున్నవాడు కూడా తన కంటితో చూసి పైకి చెప్పాలి. ఇద్దరి మాటా ఒకటైతేనే బండి ముందుకి. ఆ రెండో గొంతే తనని అన్నాళ్ళూ కాసిందన్నాడు తాతయ్య.

"ఓ తెల్లారగట్ట మంచు దట్టంగా పట్టీసింది. నా కంటికి పచ్చ లాగే ఉన్నాది. పచ్చ అనీసినాను. దాదా పార కింద పడీసి, లాల్ దాదా లాల్, అని కేకెట్టినాడు. నా కంటికి పచ్చ, ఆడి నోటికి ఎరుపు. ఆడి నోరే నమ్మినాను. బండి ఆగీసరికి ముందర పేసింజరు బండి నిలబడున్నాది. దాని తోక దీపం, అదిగో, ఆ మెట్టంత దూరం."

నేను ఆ మెట్టు వైపు చూశాను. నాలుగు అంగలేస్తే అందేది.

"అప్పటికి మీ అమ్మ పుట్టనేదు" అన్నాడు.

ఆ మర్నాడే నడుం నొప్పి అని చెప్పి బండి దిగిపోయి, షెడ్డు పనికి వెళ్ళాడట. జీతం తగ్గింది, పేరు తగ్గింది, మా అమ్మమ్మ చాన్నాళ్ళు దెప్పిందట. ఆవిడకీ చెప్పలేదు, అమ్మకీ చెప్పలేదు. తెలిసినవాడు దాదా ఒక్కడే, ఆయన ఎవరికీ చెప్పలేదు.

నాకు ఒళ్ళంతా గగుర్పొడిచింది. భయంతో కాదు. నేను ఇంజనంత ఎత్తున చూసుకునే మా తాతయ్య, పెళ్ళానికీ కూతురికీ చెప్పుకోలేనిది తెచ్చి, నిక్కరేసుకున్న నా ముందు పెట్టాడు! అయినా నా మొండితనం నాది. "మరి నువ్వెందుకెక్కినావు?" అని కోపంగా అడిగాను.

"ఆశరా గుంటా. నీకున్నట్టే" అన్నాడు. మళ్ళీ తనే, "మీ నాన్న నీ మంచికే సెప్తన్నాడు. బట్టీ పట్టీగలవు, ఎక్కీగలవు కూడా. ఎక్కినాక ప్రతి దీపం కాడా నీ గుండె ఆగుతాది. యెనకాల బోగీల్లో జనం పిల్లల్ని పక్కనేసుకుని నీ కళ్ళని నమ్మి పడుకుంటారురా" అన్నాడు.

ఎక్కొద్దు అనలేదు. అనుంటే మొండికేసేవాణ్ణేమో. నేను వంతెన కమ్మీ పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాను. కింద ఇంజను ఒకటి కూత పెట్టుకుంటూ మా కిందగా పోయింది. ఆ ఆవిరి, ఆ వేడి, ఆ మసి, అంతా నా మొహానికి కొట్టింది. నాది కాని దాన్ని అంత దగ్గరగా చూడటం అదే మొదలు. తాతయ్య ఊరుకోమనలేదు. నేను ఆపేదాకా నిలబడి, తన పంచె చెంగుతో నా ముక్కు తుడిచాడు.

తిరిగి వస్తుంటే ఊళ్ళో కరెంటు పోయి ఉంది. "ముందర ఏటున్నాదో నేను సెప్తాను, యెనకాల ఏటొస్తందో నువ్వు సెప్పు" అన్నాడు. దారి పొడుగునా "గొయ్యి" అని ఆయన, "రిక్షా" అని నేను, ఒకరి మాట ఒకరం తిరిగి చెప్పుకుంటూ వచ్చాం. లారీలు మా వెనక ఎర్రగా ఏదో చూసి నెమ్మదించి, పక్కకి తప్పుకుని వెళ్ళాయి.

ఇంటికి వెళ్ళాక నాన్నతో, "నాకు సుక్కల పుస్తకమొద్దు నాన్నా, నాకవి అవుపడవు" అన్నాను. అంతే అన్నాను. తాతయ్య సంగతి అడ్డం పెట్టుకోలేదు. నాన్న పెరట్లోకి వెళ్ళి ఎంతకీ లోపలికి రాలేదు. ఆ రాత్రి అమ్మ వడ్డిస్తుంటే, తన కంచంలో చేప ముక్క తీసి నా కంచంలో వేశాడు.

నేను లెక్కల మాస్టార్నయ్యాను. నల్లబల్ల, తెల్లసుద్ద, వాటితో నాకు పేచీ లేదు. తాతయ్య పోయిన రోజు మలంచా నుంచి దాదా వచ్చి, అందరినీ దాటుకుని నా పక్కనే కూర్చున్నాడు. నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. ఇప్పుడు ఆయనా లేడు, అమ్మా నాన్నా లేరు. వినేవాళ్ళెవరికీ నొప్పి కలగదు కాబట్టి ఇన్నాళ్ళకి చెప్తున్నాను.

నాకు తెలియదు, నువ్వు చెప్పు అనడానికి నేను ఎక్కడా సిగ్గుపడలేదు. క్లాసులో పిల్లల ముందూ పడలేదు, చీరల కొట్లో మా ఆవిడ ముందూ పడలేదు. ఎప్పుడైనా రైల్లో రాత్రి ప్రయాణం పడితే, పై బెర్తు ఎక్కి దుప్పటి కప్పుకుంటాను. చీకట్లో ముందు ఎక్కడో ఇంజన్లో ఇద్దరు ఒకరికొకరు రంగులు చెప్పుకుంటూ ఉంటారు. ఆ సీటు కోసం వంతెన మీద అంత ఏడ్చినవాణ్ణి, వాళ్ళ కళ్ళని నమ్మి హాయిగా నిద్రపోతాను.