పుంగనూరు పెళ్ళి బ్యాండులో ఇంగ్లీషు పాట

మేము చిన్నపిల్లలుగా ఉన్నప్పుడు పుంగనూరులో మా వీధికి అలారం అక్కర్లేదు... పొద్దున్నే మా నాన్న వసారాలో కూర్చుని క్లారినెట్ ఊదడం మొదలుపెడితే వీధంతా లేచేది. ఆయన పెళ్ళి బ్యాండు మాస్టరు. మస్తాన్ మాస్టరంటే సోమల నుంచి కుప్పం దాకా తెలియనివాళ్ళు తక్కువ. మేము మాత్రం అబ్బాజాన్ అనేవాళ్ళం.

తొంభైల్లో మదనపల్లె నుంచి ఒక కొత్త బ్యాండు బయల్దేరింది. వాళ్ళ దగ్గర కీబోర్డు ఉండేది. ఒక్క పెట్టెలో వీణ, వేణువు, వయొలిన్... అన్నీ పలికేవి. పెళ్ళివాళ్ళంతా అటే తిరిగారు. ఒక ముహూర్తాల కాలమంతా మా ఇంట్లో బ్యాండువాళ్ళు వేసుకునే ఎర్ర కోట్ల మడత విప్పలేదు.

"ఈసారి కూడా ఇట్లే అయితే క్లారినెట్టు పెట్లో పెట్టేసి టమోటా మండీలో పనికి పోతా" అన్నాడు అబ్బాజాన్ ఒకరోజు అన్నం తింటూ. అమ్మ ఆయన కంచంలో ఇంకొంచెం పప్పు వేసింది.

ఆ వారమే బెంగళూరులో మెకానిక్‌గా పనిచేసే మా మామూ వచ్చాడు. ఆయన సంచిలో ఒక ఇంగ్లీషు క్యాసెట్టు ఉంది. టేప్ రికార్డర్లో వేయగానే కరెంటు గిటారు గరగరమంటూ మొదలైంది. అమ్మ చెవులు మూసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. అబ్బాజాన్ మాత్రం కదలకుండా విన్నాడు. ఒకే పాటను వెనక్కి తిప్పి తిప్పి విన్నాడు.

"సూడు బేటీ... ఒక మాట పాడతాండాడు. మళ్ళా అదే పాడతాండాడు. మూడోసారి దానికి జవాబు చెప్తాండాడు. ఆయన ఆగిన చోటంతా గిటారు బదులు పలకతాండాది. ఇది యాడి పాటో కనుక్కో."

క్యాసెట్టు డబ్బాలో చిన్న అక్షరాల కాగితం ఒకటి ఉంది. దాన్ని మా ఇంగ్లీషు టీచరు సుగుణమ్మగారి దగ్గరికి తీసుకుపోయాను. ఆమె కళ్ళద్దాలు పెట్టుకుని చదివి చెప్పింది. అమెరికాలో పత్తి చేలల్లో వెట్టికి పడి ఉన్న నల్లజాతి వాళ్ళు పని చేస్తూ పాడుకున్న పాటలు దీనికి మూలమట. ఒకరు ఎత్తుకుంటే మిగతావాళ్ళు అందుకునేవాళ్ళట. వాళ్ళ పిల్లల కాలానికి చేతికి గిటారు వచ్చింది. ఎన్నో ఏళ్ళ తర్వాత ఇంగ్లండు కుర్రాళ్ళు ఆ గిటారు పాటల రికార్డులు విని, డ్రమ్ములు కలిపి, ఇంత హోరుగా వాయించారట.

ఇంటికొచ్చి అదంతా ఒప్పజెప్పాను. అబ్బాజాన్ క్లారినెట్ చేతిలోకి తీసుకున్నాడు.

"పత్తి చేలో పుట్టిందా... అట్లయితే మన చెనిక్కాయల చేలో యాల నడవదు?"

పది రోజులు ఆ పాట మీదే కూర్చున్నాడు. అందులో ఒక స్వరం ఏడుస్తున్నట్టు వంగేది. మామూలుగా ఊదితే వచ్చేది కాదు. పెదవి కాస్త వదులు చేసి, గాలి బిగబట్టి... ఎట్టకేలకు పట్టుకున్నాడు. డోలు వాయించే నాగప్పన్నకు మాత్రం భయం.

"ఇంగ్లీషు పాట వాయిస్తే పెళ్ళోళ్ళు ఊరుకుంటారా అన్నా?"

"ఇంగ్లీషు పాటని చెప్పొద్దప్పా. డోలు నువ్వు మన పద్ధతిలోనే కొట్టు."

కుప్పంలో పెళ్ళి. మగపెళ్ళివాళ్ళు మమ్మల్ని పిలిస్తే, ఆడపెళ్ళివాళ్ళు ఆ కీబోర్డు బ్యాండును పిలిచారు. సాయంత్రం వీధి మలుపులో రెండూ ఎదురుపడ్డాయి. జనమంతా కీబోర్డు చుట్టూ మూగారు. నేను అమ్మ చెయ్యి గట్టిగా పట్టుకున్నాను...

అబ్బాజాన్ నెమ్మదిగా ఎత్తుకున్నాడు. ఒక వరస. మళ్ళీ అదే వరస. మూడోది జవాబు. నాగప్పన్న డోలు సందు సందులో పడింది. గుడుపల్లె నుంచి వచ్చిన ఆడవాళ్ళు, రోజూ చేలో కలుపు తీసేవాళ్ళు, రెండో చుట్టుకే ఆ ఖాళీలు కనిపెట్టేశారు. సరిగ్గా అక్కడే చప్పట్లు... అక్కడే "ఓహో" అని అందుకోవడం. ఎవరూ నేర్పలేదు. పెళ్ళికొడుకు గుర్రం మీద నుంచి వంగి వంగి చూశాడు.

కీబోర్డు అబ్బాయి అదే పాట పట్టుకోబోయాడు. వంగే స్వరం దగ్గర తప్పాడు. రెండుసార్లు ప్రయత్నించి, నవ్వేసి, పెట్టె ఆపి మా దగ్గరికే వచ్చాడు.

"మాస్టరూ, ఆ స్వరం యాడుండాదిన్నా?"

"రెండు మెట్ల మధ్యలో ఉండాదప్పా. నీ పెట్టెలో ఆ సందు లేదు."

ఆ ఏడాది మా ఎర్ర కోట్లు ఆరడానికి తీగ చాల్లేదు. అబ్బాజాన్ మండీకి పోలేదు. మదనపల్లె వాళ్ళు, శాంతిపురం వాళ్ళు ఆ పాట నేర్చుకుపోయారు. అడిగినవాళ్ళందరికీ పెదవి ఎలా వదులు చేయాలో ఆయనే చూపించాడు.

రెండు వేల సంవత్సరం దాటాక నేను కుప్పంలో టీచరుగా చేరాను. ఒక పెళ్ళిలో ఎవరో కుర్రాడు క్లారినెట్ మీద అదే వాయిస్తున్నాడు. కొంచెం మారింది, వేగం పెరిగింది, కానీ ఆ వంపు అలాగే ఉంది. ఎక్కడిదని అడిగాను.

"ఇది మా కుప్పం పాట మేడం. మా తాతల కాలం నుంచి ఉండాది."

అబ్బాజాన్‌కు ఫోన్ చేసి చెప్తే దగ్గొచ్చేదాకా నవ్వాడు.

"అట్లనే అనుకోనీ బేటీ. మనం మాత్రం సొంతంగా పుట్టించినామా?"

ఇప్పుడు లారీ మీద సౌండ్ బాక్సులు వస్తున్నాయి... కిటికీలు అదురుతున్నాయి. ఊదే మనిషి ఊపిరి తీసుకునే చోటు వాటిలో ఉండదు, మనం అందుకోవడానికీ ఉండదు. మీ ఊరి పెళ్ళిళ్ళలో బ్యాండు వాళ్ళు వాయించిన ఏ పాట మీ నోట్లో ఇంకా ఆడుతోంది? కింద రాయండి... మాటలు గుర్తులేకపోతే "టట్టటాం" అని రాసినా చాలు, నేను పట్టుకుంటాను.