టీచరమ్మ జవాబు

ముందుగా ఒక మాట చెప్పుకోవాలి. నేను చదివింది నాలుగో తరగతి వరకే. ఐదులో పేరు రాయించారు కానీ ఆ ఏడు బడికి పోయింది తక్కువ, బర్రెల వెంట పోయింది ఎక్కువ. ఒత్తు ఎక్కడ పెట్టాలో, దీర్ఘం ఎక్కడ తీయాలో నాకు ఇప్పటికీ గట్టిగా తెలియదు. అంగడిలో ధర రాసే అట్టముక్క మీద తప్ప నేను పెద్దగా రాసింది లేదు. ఇంత తెల్ల కాగితం ముందు పెట్టుకోవడం ఇదే మొదలు. చదువుకున్నవాళ్లు కోపం చేయకుండా చదవాలి.

నేను కూరగాయలు అమ్ముతాను. వారంలో ఒక రోజు కట్టంగూరు అంగడి, ఒక రోజు రామన్నపేట అంగడి. మిగతా రోజులు రామన్నపేటలోనే బస్టాండు దారిలో కూర్చుంటాను. మా ఆయనకు ఆటో ఉంది. పొద్దున్నే నల్గొండ పోయి సరుకు తెస్తాడు. నన్నూ బుట్టలనూ దించి, ఆటో నా వెనకాలే పెట్టుకుని, వెనక సీట్లో కాళ్లు బయటికి చాపి పడుకుంటాడు. నా దుకాణానికి బోర్డు లేదు. ఆ రెండు కాళ్లే గుర్తు.

నాకు నోరు ఎక్కువ. ఇది నా మాట కాదు, మా అత్త మాట. "దీని నోరు మూస్తే చెవులల్లకెంచి మాటలొస్తయి" అనేది. అంగడిలో కూర్చున్నాక ఆ నోరే పనికొచ్చింది. కూరగాయలు అందరి దగ్గరా ఒక్కటే కదా. మాట ఉన్న చోట మనిషి ఆగుతాడు. సొరకాయకు గోరు గుచ్చి చూసేవాళ్లుంటారు. "అన్నా, సూదిమందు డాక్టరు ఇయ్యాలె, నువ్వియ్యకు" అంటాను. ఒకామె బెండకాయల కొనలన్నీ టకటకా విరుస్తుంది. "అక్కా, అన్నిటి ముక్కులు ఇరిసినవ్. ఇగ ఇంటికెందుకు, ఈడ్నే పొయ్యి పెట్టి వండుకపో" అంటాను. పక్కవాళ్లు నవ్వుతారు, ఆమె కూడా నవ్వుతుంది. కానీ దీనికి ఒక పద్ధతి ఉంది. మాట అన్నాక కొసరు వేయాలి. రెండు రెబ్బల కరివేపాకో, నాలుగు పచ్చిమిరపకాయలో తరాజులోంచి కాకుండా చేత్తో తీసి సంచిలో వేయాలి. కొసరు లేని మాట తిట్టు అవుతుంది.

నా దగ్గరికి వచ్చేవాళ్లలో టీచరమ్మ వేరు. ఆమె అంగన్‌వాడీలో టీచరుగా చేసి రిటైరైంది. రామన్నపేటలో ఇప్పుడు మీసాలున్న వాళ్లలో సగం మందికి ముక్కు తుడిచింది ఆమే. పెళ్లి చేసుకోలేదు. చర్చి వెనక సందులో ఒక్కతే ఉంటుంది. పన్నెండేళ్ల నుంచి ప్రతి అంగడికీ అదే నీలం గుడ్డ సంచి పట్టుకుని వచ్చి నా ముందు గొంతుక్కూర్చుని వంకాయలు ఏరుతుంది. ఒక్కొక్క కాయ ఎత్తి, తిప్పి, ముచ్చిక చూసి, వాసన చూసి, మళ్లీ పెడుతుంది. అరకిలో వంకాయలకు అరగంట.

"టీచరమ్మా, గింతగనం ఏరుతవు గనుకనే నీకు పెండ్లి కాలే" అంటాను నేను.

ఆమె తలెత్తదు. కాయ తిప్పుకుంటూనే అంటుంది. "నువ్వు ఏరకుండ బుట్టల చెయ్యి పెట్టి తీస్కున్నవ్ గద. పుచ్చా, మంచిదా?"

అప్పుడు అందరూ ఆటో వైపు చూస్తారు. ఆ కాళ్లు కదులుతాయి. లోపలి నుంచి మా ఆయన గొంతు వస్తుంది. "పుచ్చు కాదు టీచరమ్మా. జర వాడిపోయిన, గంతే."

పన్నెండేళ్లలో ఈ ముచ్చట ఎన్నిసార్లు అయిందో లెక్క లేదు. చుట్టుపక్కల దుకాణాలవాళ్లకు కూడా నోటికి వచ్చు. అయినా ప్రతిసారీ నవ్వేవాళ్లు.

ఒక అంగడి రోజు నల్గొండలో డిగ్రీ చదివే ఒక ఆడపిల్ల టమాటలకు వచ్చి ఫోన్ పట్టుకుంది. నేను చూడలేదు. చూసినా ఏమీ అనేదాన్ని కాదు. రెండు రోజుల తర్వాత మా ఆయన ఫోన్ పట్టుకుని ఉరికొచ్చాడు. "ఏమే, నువ్వు ఫోన్ల తిరుగుతున్నవ్!"

చూస్తే నేనే. నా గొంతే. "గింతగనం ఏరుతవు గనుకనే నీకు పెండ్లి కాలే" అంటున్నాను. జనం నవ్వు. అక్కడికి అయిపోయింది. మళ్లీ మొదటి నుంచి నేనే. టీచరమ్మ తల వంచుకుని వంకాయ పట్టుకుని ఉంది. ఆమె జవాబు లేదు. మా ఆయన మాటా లేదు. వీడియో పొట్టిగా ఉండాలని ఆ పిల్ల అక్కడికి కోసిందట.

నిజం చెప్తాను, ఆ రోజు నాకు అదేమీ తట్టలేదు. నేను ఫోన్‌లో కనబడుతున్నానన్న సంబరమే. మా అన్న ఫోన్ చేశాడు. "ఆడమనిషివి, నలుగుర్ల గట్ల నోరేసుకుంటవా?" అని పావుగంట తిట్టి, చివరికి గొంతు తగ్గించి, "గా వీడియో జర నాకు పంపు, మా సర్పంచికి చూపిస్త" అన్నాడు.

పేరు అంటే ఎట్లుంటుందో అప్పుడు తెలిసింది. ఎక్కడెక్కడి నుంచో మోటార్‌సైకిళ్ల మీద వచ్చేవాళ్లు. "అక్కా, ఒక్కసారి నన్ను తిట్టవా?" అనేవాళ్లు. ఫోన్ పట్టుకుని నిలబడేవాళ్లు. ఏమీ కొనకుండా, ఏమీ గిచ్చకుండా నిలబడ్డ మనిషిని ఏమని అంటాను? ఏదో ఒకటి అంటే నవ్వి, ఫొటో దిగి, ఒక్క మిరపకాయ కూడా కొనకుండా పోయేవాళ్లు. వాళ్ల వెనక నిజంగా కూరగాయలకు వచ్చినవాళ్లు విసుగొచ్చి పక్కామె దగ్గరికి పోయేవాళ్లు. సాయంత్రానికి పాలకూర నా ముందే మెడలు వాల్చేది.

"ఏమే, రాత్రికి నీ పేరు వండుకొని తిందామా?" అన్నాడు మా ఆయన.

మూడు అంగళ్లు అయ్యాక గాని నేను ఒకటి గమనించలేదు. నీలం సంచి రావడం లేదు. వంకాయలు ఏరేవాళ్లు లేక నున్నగా, పేర్చినవి పేర్చినట్టే ఉన్నాయి. పక్క దుకాణపామెను అడిగాను.

"నీకెరుక లేదా? ఆమె సందుల పోతుంటే పోరగాళ్లు 'టీచరమ్మా, ఏరుడయిందా' అంటున్నరట. ఆమె ముక్కు తుడిసినోళ్లే. ఇగ బయటికొస్తలేదు."

ఆ మాట విన్నాక చేతిలో తరాజు బరువైంది. అన్నది నేనే కదా.

ఆ ఆదివారం ప్రార్థన అయ్యే వేళకు ఆమె ఇంటికి పోయాను. అరకిలో వంకాయలు నేనే ఏరి తీసుకుపోయాను. తెల్ల చీరలో వచ్చి తలుపు తీసింది. లోపలికి పిలిచింది, చాయ్ కూడా పెట్టింది. ముఖం మాత్రం నా వైపు పెట్టలేదు.

"టీచరమ్మా, తప్పయింది. నేను తియ్యలే గా వీడియో."

"తీసినోళ్ల మీద కోపం లేదు. నవ్వినోళ్ల మీద కూడ లేదు. నువ్వొక మాటన్నవ్, నేనొక మాటన్న. పన్నెండేండ్లు బరాబర్ చేస్కున్నం. మరి నా మాటేది? నా మాట ఎవలు మింగిన్రు?"

చాయ్ గ్లాసు కింద పెట్టాను.

"ఈసారి నలుగుర్ల నీ మాట కూడ నేనే చెప్త" అన్నాను.

"నా మాట నీ నోట్లకెంచి వస్తే అది నీ మాటనే అయితది" అంది. వంకాయల సంచి తెరిచి పైనున్న కాయ చూసి, "గిది పుచ్చు" అని తీసి పక్కన పెట్టింది. నిజంగానే పుచ్చు.

ఇది ఇట్లా ఉండగా ఆ డిగ్రీ పిల్ల మళ్లీ వచ్చింది. నల్గొండలో నవ్వించే ప్రోగ్రాం పెడుతున్నారట. హైదరాబాద్ నుంచి ఇద్దరు వస్తారట. మధ్యలో పది నిమిషాలు నన్ను మాట్లాడమంది. నేను జరిగింది చెప్పాను. ఆ పిల్ల ముఖం చిన్నబోయింది. "నాకు తెల్వదక్కా. పొట్టిగుంటేనే చూస్తరని కోసిన" అంది. పోనా వద్దా అని మా ఆయనను అడిగితే, "పో. నన్ను ఎంతైనా అను, నాకు అలవాటే. ఆమెను మాత్రం అనకు" అన్నాడు. టీచరమ్మ ఊసు ఎత్తనని నేను ఒట్టు పెట్టుకున్నాను.

ప్రోగ్రాం ఆదివారం సాయంత్రం నాలుగు గంటలకు. ఒక ఫంక్షన్ హాలు పై అంతస్తు, ప్లాస్టిక్ కుర్చీలు. స్టేజీ పక్క గదిలో హైదరాబాద్ వాళ్లిద్దరూ మిరపకాయ బజ్జీలు తింటున్నారు. ఒక గడ్డపు అబ్బాయి, ఒక పొట్టి జుట్టు అమ్మాయి. నవ్వించేవాళ్లు ఎప్పుడూ నవ్వుతూ ఉంటారనుకున్నాను. వాళ్లు పరీక్షకు పోయే పిల్లల్లాగా ఉన్నారు.

"భయమైతుందా అక్కా?" అంది అమ్మాయి. "నాకు ఇప్పటికీ అయితది. మూడు వందల మంది నవ్వుతరు, ఇంటికి పోయి తిట్టిన ఒక్కడి కామెంటే చదువుకుంట కూసుంట."

"మా అమ్మ ఇంకా చుట్టాలకు సాఫ్ట్‌వేర్ అనే చెప్తది" అన్నాడు అబ్బాయి. "ఎవరన్న ఇంటికొస్తే నేను లాప్‌టాప్ ముంగట కూసోవాలె. అది ఆన్ కూడ కాదు."

అందరం నవ్వాం. పెళ్లి అయిందా అని అడిగాను. మా దగ్గర అది మొదట అడిగే మాటే. అబ్బాయి బజ్జీ కింద పెట్టాడు.

"కావాల్సి ఉండె అక్కా, ఒక పిల్లతోని. వాళ్ల నాయిన గురక మీద ఒక జోక్ రాసిన. చెప్పాల్నా అని అడిగిన. వద్దన్నది. అయినా చెప్పిన. మస్తు నవ్విన్రు."

"మరి?"

"ఆ పిల్ల ఇగ మాట్లాడలే."

అమ్మాయి అతని భుజం మీద చిన్నగా కొట్టి, "నువ్వు అడిగైనా అడిగినవ్. నేను మా వదిన మీద అన్నీ అడగకుండనే చెప్పిన. పండుగకు పోతే నాకు కూర వడ్డియ్యదు" అంది. మళ్లీ నవ్వారు. నేను నవ్వలేకపోయాను. వీళ్లు అడిగో అడగకో చెప్పారు. నేనైతే లోకమంతా వింటుందని కూడా తెలియకుండా అన్నాను.

నా వంతు వచ్చింది. మైకు చేతిలో పెట్టారు. ఎదురుగా అన్నీ ముఖాలు, అందరూ ఊరికే కూర్చుని ఉన్నారు. ఎవరి చేతిలో సొరకాయ లేదు. ఎవరూ బెండకాయ విరవడం లేదు. మా ఆయన మీద చెప్పాలనుకున్నవన్నీ మర్చిపోయాను. కుడి చెయ్యి తనంతట తాను తరాజు పట్టుకున్నట్టు పైకీ కిందికీ ఊగుతోంది. నోటికి అలవాటైన మాట ఒక్కటే వచ్చింది.

"వంకాయలు... తాజా వంకాయలు..."

ఎవరో ఇకిలించారు. ఇక దిగిపోదామని కాలు తీశాను. అప్పుడు వెనక వరుసల నుంచి ఒక గొంతు వచ్చింది.

"పుచ్చులు లేవు గద?"

ఆ గొంతు నాకు తెలియకపోవడమేమిటి. కుర్చీల మధ్య దారిలో నీలం సంచి పట్టుకుని టీచరమ్మ నిలబడి ఉంది. ఆ డిగ్రీ పిల్ల పోయి చెబితే బస్సులో ఒక్కతే వచ్చిందట.

"ఏరుకో టీచరమ్మా, నీకెవలు అడ్డం" అన్నాను.

"ఏరుత. అనేదేదో అను, ఇంత దూరమొచ్చిన."

నేను అనలేదు. ఒట్టు గుర్తుంది. అందరూ నన్నే చూస్తున్నారు. టీచరమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "అనవే! నువ్వు అనకుంటే నేను జవాబెట్ల చెప్పాలె?"

అప్పుడు అన్నాను. "గింతగనం ఏరుతవు గనుకనే నీకు పెండ్లి కాలే."

హాలంతా నవ్వింది. వీడియో చూసినవాళ్లే చాలామంది. టీచరమ్మ పిల్లలను ఊరుకోబెట్టినట్టు చెయ్యి ఎత్తింది. నవ్వు ఆగేదాకా ఆగింది. అప్పుడు నిదానంగా, ఒక్కొక్క మాటా విడిచి విడిచి అంది.

"నువ్వు ఏరకుండ బుట్టల చెయ్యి పెట్టి తీస్కున్నవ్ గద. పుచ్చా? మంచిదా?"

ముందు నవ్విన నవ్వు నవ్వే కాదు. గడ్డపు అబ్బాయి స్టేజీ పక్కన గోడ పట్టుకుని కూలబడ్డాడు. ఆ నవ్వు జర తగ్గంగానే తలుపు దగ్గర నుంచి మా ఆయన, ఎవరూ అడగకుండానే, "పుచ్చు కాదు టీచరమ్మా, జర వాడిపోయిన, గంతే!" అని అరిచాడు. నాకిచ్చింది పది నిమిషాలు. మేము ముగ్గురం ఇరవై దాటించాం. అందులో ఎక్కువ ఆమే మాట్లాడింది.

ఆ డిగ్రీ పిల్ల ఈసారి ఎక్కడా కోయకుండా మొత్తం పెట్టింది. పెట్టే ముందు టీచరమ్మకు చూపించి అడిగింది. ఇప్పుడు మోటార్‌సైకిళ్ల వాళ్లు వస్తే నన్ను చూడరు. "గా టీచరమ్మ ఏ రోజొస్తది?" అని అడుగుతారు. సందులో పిల్లలు ఆమెను చూసి ఏమీ అనరు. అంటే జవాబు వస్తుందని తెలిసింది.

ఆ తర్వాతి అంగడికి నీలం సంచి వచ్చింది. నా ముందు కూర్చుని మొదటి కాయ ఎత్తింది.

"టీచరమ్మా, అనాల్నా, వద్దా?" అన్నాను.

ఆమె తలెత్తి అటు ఇటు చూసింది. "ఎవలన్న ఫోన్ పట్టిన్రా?"

"లేదు."

"అయితే అను."

కొత్తది ఒకటి అన్నాను. ఆమె కూడా కొత్తదే చెప్పింది. అవి ఇక్కడ రాయను. అవి అంగట్లోనివి. పోయేటప్పుడు గుప్పెడు కరివేపాకు వేశాను.

ఈ కాగితాలు ఆమెకు చూపించాను. కళ్లద్దాలు పెట్టుకుని వంకాయలు ఏరినట్టే తప్పులు ఏరింది. సగం ఏరాక అలసిపోయి, "మిగిలినయి ఉండనియ్, నీ చేతివే" అంది. కాబట్టి ఇంకా ఎక్కడైనా తప్పులు కనబడితే, అడగకుండా వేసిన కొసరు అనుకుని పెద్ద మనసుతో క్షమించండి.