పూడ్చిన బావి

కంప్యూటర్‌లో మ్యాపులు తయారుచేసే జీఐఎస్ చదువుకు స్కాలర్‌షిప్ ఇచ్చే ముందు రాయపూర్‌లో మమ్మల్ని పరీక్షించిన తెలుగువాడైన సార్ ఎవరినీ నమ్మేవారు కాదు. మ్యాపు మీద ఒకచోట వేలు నొక్కి, "ఇది నువ్వు కళ్లారా చూసినవా, బేటా?" అనేవారు. నేను గీసిన మ్యాపులో మందిర్ హసౌద్ ఊరి దగ్గరి బావిని అనుమానించి, నన్ను స్కూటర్ మీద అక్కడికే తీసుకెళ్లారు.

బావి ఉండాల్సిన చోట కొత్త మట్టి ఉంది. స్కాలర్‌షిప్ పోయిందనుకున్నాను. పక్కింటి ముసలమ్మ వచ్చి, పోయిన వారమే పూడ్చారనీ, అంతకుముందు నేను వచ్చి ఆమె ముందే ఆ నీళ్లు తాగాననీ హిందీలో చెప్పింది. సార్ ఆమెను దూరంగా తీసుకెళ్లి నీళ్ల రుచి అడిగారు. తర్వాత నన్నడిగారు.

"జర ఉప్పగుండె, సార్."

"సరే, ఆమె గూడ అదే అన్నది. స్కాలర్‌షిప్ నీకే రాస్తున్న," అన్నారు.

ఆయన స్కూటర్ తిప్పుతుంటే ముసలమ్మ నన్ను పక్కకు లాగింది.

"ఈయన నిజంగా మాస్టరేనా? భూములు కొనే దళారీ కాదు కదా?"