బుజ్జి, పులి, మధ్యలో నేను

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఒకటుంటుందని నాకు తెలియదు. ఇరవై మూడేళ్ళ వయసు, మణుగూరులో కొత్తగా సైన్సు పంతులు ఉద్యోగం. ఎనభైల నాటి మాట. ఒక రిటైరైన ఫారెస్టు రేంజరు గారింట్లో ముందుగది కిరాయికి తీసుకున్నాను. ఆయన్ని పెద్దనాన్న అనీ, వాళ్ళావిడను పెద్దమ్మ అనీ పిలిచేవాణ్ణి. వాళ్ళకు పిల్లల్లేరు, రెండు కుక్కలుండేవి. దూడంత నల్లకుక్క పేరు బుజ్జి (తెచ్చిననాడు అరచేతిలో పట్టేవాడట). గుప్పెడు తెల్లబొచ్చు కుక్క పేరు పులి. అడవి అంచున ఉన్న ఊళ్ళో నడివీధిలో నిలబడి ‘పులీ, పులీ’ అని కేకేయడం పెద్దనాన్నకు సరదా. ఊరు కొన్నాళ్ళు ఉలిక్కిపడి, తర్వాత అలవాటు పడిపోయింది.

రోజూ సాయంత్రం అయిదు కొట్టగానే ఆయన రెండింటినీ పట్టుకుని ఊరి చివరి కల్వర్టు దాకా నడిచి వచ్చేవారు. నేను అరుగు మీద కూర్చుని చూసేవాణ్ణి. అన్నాళ్ళు చూశాను కాబట్టి నాకూ వచ్చేసిందనుకున్నాను. (ఈత కూడా అలాగే నేర్చుకుని గోదావరిలో నీళ్ళు తాగిన చరిత్ర నాది.)

నేను చేరిన మరుసటి ఏడాది వానల్లో పెద్దనాన్న పోయారు. మూడు నెలలు నిండేదాకా పెద్దమ్మ గడప దాటకూడదని వాళ్ళింటి ఆనవాయితీ. అయిదయ్యేసరికి బుజ్జి గేటు దగ్గర వీధి వైపు తిరిగి కూర్చునేవాడు. గిన్నెలో అన్నం పెట్టింది పెట్టినట్టే ఎండిపోయేది. సత్తుపల్లి నుంచి పెద్దమ్మ తమ్ముడు వచ్చి చూసి, “నువ్వు బయటికి రాలేవు, దీన్నెవరు తిప్పుతారక్కా? ఆదివారం వచ్చి తోటకి తీసుకుపోతా. అక్కడ కట్టేసుకుంటాం” అన్నాడు. తమ్ముడు వెళ్ళాక పెద్దమ్మ తలుపు చాటు నుంచి నాతో అంది, “మీ పెద్దనాన్న నడక వీని కాళ్ళల్ల ఉన్నది బిడ్డా. వీన్ని గూడ పంపితే ఇంక ఈ ఇంట్ల అయిదు కొట్టది.”

“నేనున్నా కదా పెద్దమ్మా!” అన్నాను. నాలో ఉన్న వీరుడు నన్నడక్కుండానే మాట ఇచ్చేశాడు.

“అయితే ఇను బిడ్డా. తాడు బిగవట్టకు. వేరే కుక్కలు కనవడ్తే...”

“అవన్నీ నాకు తెలుసు పెద్దమ్మా. సైన్సు పంతుల్ని.”

ఆమె రెండు తాళ్ళూ నా చేతిలో పెట్టింది.

నా సైన్సు ఇది. రెండు తాళ్ళూ నడుము బెల్టుకు చెరోపక్క కట్టుకుంటే చేతులు ఖాళీగా ఉంటాయి. ఒక చేతిలో కర్ర, ఇంకో చేతిలో గొడుగు. అటొక బలం, ఇటొక బలం, మధ్యలో నేను స్థిరబిందువు. పెద్దది చిన్నదాన్ని కాపాడుతుంది, రెంటినీ నేను కాపాడతాను. వీధి చివర మటన్ కొట్టు దాకా ఈ సిద్ధాంతానికి తిరుగు లేకపోయింది. అక్కడ నాలుగు వీధికుక్కలు పడుకుని ఉన్నాయి. పాపం, అవి తల ఎత్తి చూశాయి, అంతే. నేను మాత్రం భయపడి బుజ్జి తాడు గట్టిగా లాగిపట్టాను. అప్పటిదాకా నిమ్మళంగా ఉన్నవాడికి మెడ మీద వెంట్రుకలు లేచాయి. పులి బుజ్జి కాళ్ళ సందులో నిలబడి, ఆ నాలుగింటినీ పేరుపేరునా తిట్టడం మొదలుపెట్టింది. అవీ లేచాయి. నేను కర్రా గొడుగూ పారేసి పులిని ఎత్తుకున్నాను, ముందు చంకకు, తర్వాత నెత్తికి. ఎత్తేకొద్దీ అవి ఎగరసాగాయి.

“అది కుక్కనా, బోనమా సారూ? నెత్తికెత్తుకున్నవేంది, దించు!” అని చాయ్ బండి మామ అరుస్తున్నాడు. బుజ్జి ముందుకు దూకాడు. స్థిరబిందువు మోకాళ్ళ మీద బురదలో పడింది. పులి చేతుల్లోంచి జారింది. “పులి! పులి!” అని నేను పెట్టిన కేకకు, అప్పుడే బస్సు దిగిన పొరుగూరాయన మళ్ళీ బస్సెక్కాడు. ఇంతలో ఎవరో కట్టె పట్టుకుని బుజ్జి మీదికి వస్తున్నారు. వాడు పళ్ళు బయటపెట్టి గుర్రుమన్నాడు. ఇప్పుడు వీడు మనిషిని కరిస్తే ఆదివారం దాకా కూడా ఆగరు.

ఉన్నట్టుండి వీధి చప్పబడింది. పెద్దమ్మ వస్తోంది, చెప్పుల్లేకుండా.

“అయ్యో పెద్దమ్మా, నెలలు నిండకముందే గడప దాటితివా!” అంది ఎదురింటి అక్క.

“దాటిన బిడ్డా. వీళ్ళను గూడ దాటించి వస్త.”

కట్టె పట్టుకున్నాయన్ని పెద్దమ్మ చేత్తోనే ఆపింది. “సారూ, బెల్టు ఇప్పు” అంది. ఇప్పాను. (ఆ తర్వాత నా మర్యాదను ఎడమచేత్తో పట్టుకునే నడిచాను.) పులి తాడు నాకిచ్చి, “దీన్ని నీ అవతలి పక్కకు వెట్టుకో, వాటికి కనవడద్దు. ఎత్తకు” అంది. బుజ్జి తాడు వదులు చేసింది. ఆ కుక్కల వైపు చూడనైనా చూడలేదు. పక్కకు తిరిగి, రోడ్డు అవతలి అంచున, అర్ధచంద్రంలా చుట్టూ తిరిగి నడిచింది. బుజ్జి ఆమె వెంట తల దించుకుని వెళ్ళాడు. వీధికుక్కల్లో ఒకటి కూర్చుని చెవి గోక్కుంది.

“ఏం చేశావు పెద్దమ్మా?”

“ఏం జెయ్యలే. దూరం ఇచ్చిన. ఈ వీధి వాటిది గద.”

ఆమె వెనక్కి తిరగలేదు. కల్వర్టు దాకా నడిచి, గోడ మీద చెయ్యి వేసి నిలబడింది. “ఇంత దూరం వచ్చేటోడా” అంది మెల్లగా. అప్పుడర్థమైంది, ఆమె ఏనాడూ ఆయనతో ఇక్కడికి రాలేదు. మరి ఈ విద్య ఎలా వచ్చిందని అడిగాను. “రోజు వచ్చి చెప్పేటోడు. ఏ మూల ఏ కుక్క, ఎట్ల తప్పుకున్నడు. అన్నం తినుకుంట నేను వినేదాన్ని.” నేను ఏడాది చూసి నేర్చుకోనిది ఆమె విని నేర్చుకుంది. నాకు చెప్పబోతే నేను వినలేదు.

ఇంటికొచ్చాక బుజ్జి గిన్నెలో మెతుకు మిగల్చకుండా తిన్నాడు. ఆదివారం తమ్ముడు వచ్చేసరికి అయిదయింది. పెద్దమ్మ బుజ్జి తాడు పట్టుకుని గేటు దగ్గరుంది, పక్కన పులితో నేను. ఆయన అక్కను చూశాడు, గడపను చూశాడు. చివరికి, “చెప్పులేసుకో అక్కా, రాళ్ళుంటాయి” అన్నాడు.

ఇప్పుడు ఖానాపురం హవేలి వీధుల్లో మనవరాలి కుక్కపిల్లను తిప్పుతుంటాను. ఎదురుగా ఇంకో కుక్క కనిపిస్తే రోడ్డు దాటేస్తాను. “తాతకు భయం రా” అని స్కూటీల మీది పిల్లలు నవ్వుతారు. అవ్, భయమే. నెత్తిన పులిని పెట్టుకుని బురదలో పడ్డ ఆ కొత్త పంతులు అప్పుడప్పుడు గుర్తొస్తాడు. వాణ్ణి తలుచుకుని నవ్వుకుంటాను. నవ్వుకుంటూనే చేతిలో తాడు కాస్త వదులు చేస్తాను.